‘కంచె’లో యుద్ధం మార్చింది ఎవరిని?

గోదారిగట్టు:
రాత్రి ‘కంచె’ (2015) మళ్లీ చూశా. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1930ల్లో దేవరకొండ అనే ఊరు. తక్కువ కులమని చూసే హరిబాబు, జమీందారీ ఇంటి సీత ప్రేమించుకుంటారు. గొడవల్లో సీత చనిపోతుంది, ఊరి మధ్య కంచె పడుతుంది. హరిబాబు, సీత అన్న ఈశ్వర్ ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో ఒకే పటాలంలో ఉంటారు. ఇంతకీ ఆ యుద్ధం పల్లెటూరి కుర్రాళ్లని మార్చినట్టు చూపించారా, ప్రేమకథకి వేసిన ఖరీదైన సెట్టింగేనా?

బెజవాడ బాబాయ్:
సెట్టింగ్ ఏంటి బాసూ! అక్కడ జర్మన్ సైనికులు పసిపాపని రక్తం పేరు చెప్పి చంపబోతుంటే ఈశ్వర్‌కి తన ఊరు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? హరిబాబు సీతకి రాసుకున్న ఉత్తరాల దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఊళ్లోనే ఉండి ఉంటే ఈశ్వర్ జన్మలో మారేవాడు కాదు.

పాతపేపర్లు:
బాబాయ్, మారింది ఈశ్వరే, ఒప్పుకుంటా. నా పేచీ కూడా అక్కడే. పెద్దకులంవాడికి బుద్ధి రావడానికి చివర్లో చిన్నకులం హరిబాబు చావాలి. హరిబాబు మొదట్నుంచీ మంచివాడే, చివరికీ మంచివాడే. యుద్ధం అతనిలో ఏం మార్చింది?

అసలు జరిగింది వేరు. కొన్ని కులాలే పోరుకి పనికొస్తాయని బ్రిటిష్‌వాళ్లు వాటిని ‘యుద్ధ జాతులు’ అనేవాళ్లు. అవి కావని సైన్యం గేటు దగ్గరే ఆపేసిన కులాలకి, మనుషులు చాలక తలుపు తెరిచారు. 1941లో అంటరానివాళ్లుగా చూసిన మహార్లతో మహార్ రెజిమెంట్ పెట్టారు, దాని వెనక అంబేద్కర్ ఒత్తిడి ఉంది. 1943లో అలాగే చమార్లతో చమార్ రెజిమెంట్ పెట్టి, యుద్ధం అవగానే 1946లో రద్దు చేసేశారు. ఊళ్లో చెప్పులు చేత పట్టుకుని నడిచిన కుర్రాడు బూట్లేసుకుని, తుపాకీ పట్టి, నెలనెలా ఇంటికి మనియార్డరు పంపాడు. అలాంటివాడు తిరిగొచ్చి మళ్లీ ఆ వీధిలోకే అడుగుపెడితే? నన్నడిగితే కథంతా అక్కడే ఉంది.

ఇటలీ మాత్రం కల్పన కాదు. 1944లో కసీనో పోరులో 4వ భారత డివిజన్‌తో మద్రాస్ సాపర్లూ (సైన్యంలో వంతెనలు, దారులు వేసే దళం) ఉన్నారు. కాకపోతే ఈశ్వర్‌ని కల్నల్ అన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది. అప్పట్లో మనవాళ్లకి అంత పెద్ద హోదా అరుదు. ఆ యుద్ధంలో మనవాళ్లలో ఒక బ్రిగేడ్‌ని (కొన్ని పటాలాలు కలిసిన దళాన్ని) పోరులో నడిపినవాడు తిమ్మయ్య అనే అధికారి ఒక్కడే, అదీ బర్మాలో.

గోదారిగట్టు:
మా జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని చెప్పుకుంటారు. అక్కడ పటాలంలో చేరడమంటే పరువు. పాతపేపర్లు గారు చెప్పినవాళ్లకి పరువు సంగతి తర్వాత, ముందు జీతం. ఒకే యుద్ధమైనా ఇద్దరికీ ఒకటి కాదు.

బెజవాడ బాబాయ్:
అన్నీ బానే ఉన్నాయి గానీ రెండు గంటల సినిమాలో ఇవన్నీ ఎక్కడ ఇరికిస్తారు? తెలుగులో ఆ యుద్ధాన్ని ముట్టుకున్నదే తక్కువ. తీసినవాడినే తిడితే ఇంకెవడు తీస్తాడు?

పాతపేపర్లు:
తిట్టట్లేదు బాబాయ్. హరిబాబుని బతికించి, యూనిఫాంలోనే ఊరికి పంపమంటున్నా. టీకొట్టువాడు అతనికి గ్లాసు ఇస్తాడా, కొబ్బరిచిప్ప ఇస్తాడా? చివర్లో ఈశ్వర్ కొట్టే సెల్యూట్ కన్నా నేను చూడాలనుకున్నది అది.