ఎంఎక్స్-5 ఎన్‌బీ, మొదటి స్పోర్ట్స్ కారు: అప్‌గ్రేడ్‌లు ఏ వరుసలో?

కొత్తస్టీరింగ్:

అందరికీ నమస్కారం. నా వయసు 19, లైసెన్సు వచ్చి ఏడాది. మొదటి కారుగా మజ్దా ఎంఎక్స్-5 తీసుకున్నాను. 1999 మోడల్, రెండో తరం, అందరూ ఎన్‌బీ అనేది. 1.8 లీటర్ల ఇంజను, 5 గేర్ల మాన్యువల్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసేది) లేదు. 1,38,000 కి.మీ. తిరిగింది. టైమింగ్ బెల్టు (ఇంజనులో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది) ఎప్పుడు మార్చారో కాగితాల్లో లేదు. సస్పెన్షన్ అంతా కంపెనీదే. టైర్లలో గాళ్లు లోతుగానే ఉన్నాయి, పక్కన 1114 అని అచ్చు ఉంది.

చేయించాలనుకున్నవి ఇవి: కోన్ ఆకారపు ఎయిర్ ఫిల్టరు, ఎగ్జాస్టు, పాత షాకుల (షాక్ అబ్జార్బర్ల) మీదే 40 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు, 215/40ఆర్17 టైర్లతో 17 అంగుళాల వీల్స్, వెనక లావుపాటి యాంటీ రోల్ బారు (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ), ఆఖరున టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి పంపేది) కిట్టు. రోజూ తిరగడానికీ ఇదే కారు, వీలైనప్పుడు ట్రాక్ డేలు (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజులు). ఏది ముందు, ఏది తర్వాత? వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పండి.

స్పానర్21:

తమ్ముడూ, బెల్టుకు రికార్డు లేదంటే మార్చలేదనే లెక్క. ఈ ఇంజనులో దాని గడువు సుమారు లక్ష కి.మీ. నీ జాబితాలో దేన్నీ ముట్టుకోకముందే ఆ పని చేయించు. కవర్లు ఎలాగూ ఊడతాయి కాబట్టి టెన్షనరు, ఐడ్లరు (బెల్టును బిగువుగా నడిపే పుల్లీలు), వాటర్ పంపు, క్యామ్ సీళ్లు, క్రాంక్ ముందు సీలు ఒకేసారి వేయించాలి. పాత సీలు వదిలేస్తే కొన్నాళ్లకు ఆయిల్ కారి కొత్త బెల్టును తడిపేస్తుంది, మళ్లీ అంతా విప్పాలి. బెల్టు ఎక్కించాక స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంకును (ఇంజను ప్రధాన కడ్డీని) స్పానరుతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయా లేదా చూడమను. ఒక్క పన్ను తప్పినా ఇంజను స్టార్టవుతుంది, కానీ ఊపు ఉండదు. అప్పుడు తప్పు బెల్టులో ఉంటే వెతుకులాట ఇగ్నిషన్ కాయిల్స్‌లో సాగుతుంది.

తర్వాత రేడియేటరు. పైన ఉండే ట్యాంకు ప్లాస్టిక్‌ది, కొత్తలో నల్లగా ఉంటుంది. అది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగి ఉంటే ప్లాస్టిక్ పెళుసెక్కినట్టే. అతుకు దగ్గర చీలేదాకా ఆగొద్దు. డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లును నమ్ముకోకు: ఉష్ణోగ్రత చాలా దూరం పెరిగేదాకా ఈ కార్లలో ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడుతుంది. అది పైకి లేచేసరికి అల్యూమినియం హెడ్డు వంగిపోయే వేడికి దగ్గరపడి ఉంటావు. కూలెంట్ సుమారు 6 లీటర్లు పడుతుంది, డిస్టిల్డ్ నీళ్లతో సగం సగం. నింపేటప్పుడు కారు ముక్కు ఎత్తి పెట్టి, హీటరు నాబ్ పూర్తి వేడి మీద ఉంచి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజను నడిపించి గాలి తీయాలి. లోపల గాలి బుడగ మిగిలిపోతే వెనక సిలిండరు దగ్గర అది ఆవిరై కూర్చుంటుంది.

ఇక బ్రేకులు. ఫ్లూయిడ్ ఎప్పటిదో తెలియదు కాబట్టి మొత్తం తీసేసి డాట్ 4 (ఒక బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణం) పోయించు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణంలో కనీస హద్దు 155 మాత్రమే. ట్రాక్‌లో నాలుగైదు రౌండ్లకు పెడల్ మెత్తబడి నేలకు దిగేది ఈ తేడా వల్లే, ప్యాడ్లు చెడిపోయి కాదు. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం పోయించకు, అది వేరే జాతి, దీనితో కలవదు.

వెనక ప్యాడ్లు నువ్వే మార్చుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకో. హ్యాండ్‌బ్రేక్ మెకానిజం ఆ కాలిపర్లోనే (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం) ఉంది. సీ క్లాంపుతో పిస్టన్‌ను నొక్కితే లోపల విరుగుతుంది. కాలిపరు వెనక 14 మి.మీ. తలతో ఒక బోల్టు ఉంటుంది. అది విప్పితే లోపల 4 మి.మీ. ఆలెన్ కీ పట్టే స్క్రూ కనబడుతుంది. అపసవ్యంగా తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక సవ్యంగా తిప్పుతూ డిస్కును పట్టేదాకా బిగించి, మూడో వంతు చుట్టు వెనక్కి వదులు. ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సంగతి చూడు. ముందు కేబుల్ లాగి బిగిస్తే వెనక ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి.

వంపుదారి:

స్పానర్21 గారు చెప్పినవి అయ్యాక టైర్లే. 1114 అంటే 2014లో 11వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా ఆ రబ్బరు గట్టిపడిపోయింది. ఎక్కువ తిరగని కార్లలోనే ఇలా గాడి మిగిలి రబ్బరు చచ్చిపోతుంది, అందుకే కంటికి బాగున్నట్టు మోసం చేస్తుంది. తడి రోడ్డు మీద ఈ కారు వెనక భాగం తిరిగిపోవడానికి అదొక్కటి చాలు. నీ కారులో ఏబీఎస్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ అసలే లేదు. నీ పొరపాటును దిద్దేది రబ్బరొక్కటే.

17 అంగుళాలు వద్దు, లెక్క చూడు. నీ కారుకు సరిపడే 195/50ఆర్15 టైరు వ్యాసం 576 మి.మీ. నువ్వనుకుంటున్న 215/40ఆర్17 వ్యాసం సుమారు 604. దాదాపు 5 శాతం పెద్ద చక్రం. అంటే గేరింగు అంతే శాతం పొడుగవుతుంది, ప్రతి గేరులోనూ కారు మందగిస్తుంది. స్పీడోమీటరు 100 చూపిస్తే నిజంగా వెళ్లేది 105 దగ్గర. దానికి తోడు చక్రం బరువు పెరుగుతుంది. 15 అంగుళాల్లో 7 అంగుళాల వెడల్పున్న తేలికపాటి వీల్, 195/50 లేదా 205/50 మంచి రోడ్డు టైరు: ఈ కారుకు ఇంతకన్నా మంచి జోడీ లేదు. బోల్టుల అమరిక 4x100 (100 మి.మీ. వృత్తం మీద 4 బోల్టులు), మధ్య రంధ్రం 54.1 మి.మీ. వీల్ రంధ్రం అంతకన్నా పెద్దదైతే సెంట్రింగ్ రింగు పెట్టాలి, లేకపోతే బ్యాలెన్స్ ఎన్నిసార్లు చేయించినా స్టీరింగు వణుకు పోదు. గాలి చల్లటి టైరులో 26 పీఎస్‌ఐ. తేలికైన కారు కాబట్టి అంతే చాలు, మామూలు కార్లకు పెట్టినట్టు 33 పెడితే టైరు మధ్యభాగం మీదే నడుస్తుంది.

నీ జాబితాలో నన్ను నిజంగా భయపెట్టింది పాత షాకుల మీద 40 మి.మీ. స్ప్రింగులు. ఈ కారులో సస్పెన్షన్ పైకి కదిలే దూరమే తక్కువ. అంత దించితే మామూలుగా నిలబడినప్పుడే షాకు కడ్డీ దాదాపు బంప్ స్టాప్ రబ్బరుకు (కదలిక చివర ఆపే రబ్బరు) ఆనుకుంటుంది. వంపులో చిన్న గతుకు వచ్చిందనుకో, వెనక స్ప్రింగు పని ఆగి రబ్బరు మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో వెనక వైపు గట్టిదనం ఒక్కసారిగా పెరిగి టైరు పట్టు తెగుతుంది. అది ముందుగా చెప్పి రాదు. దించాలనే ఉంటే 15 నుంచి 25 మి.మీ. మధ్య, స్ప్రింగుకు తగిన డ్యాంపర్లతో (షాకులతో) కలిపి, కొత్త బంప్ స్టాపులతో సహా మార్చు. బుష్‌లున్న (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు భాగాలు) బోల్టుల చివరి బిగింపు కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

వెనక లావు బారు కూడా వద్దు. వెనక బారు గట్టిపడితే మలుపులో వెనక లోపలి చక్రం మీద బరువు తగ్గి, బయటి చక్రం మీద భారమంతా పడి, వెనక భాగం ముందే జారుతుంది. ఏడాది అనుభవం ఉన్నవాళ్లు మలుపు మధ్యలో భయపడి చేసే పని యాక్సిలరేటరు వదిలేయడం. బరువు ముందుకు పోతుంది, వెనక ఇంకా తేలికవుతుంది, కారు తిరుగుతుంది. కారు ఊగుతోందనిపిస్తే ముందు బారు గట్టిపరచు.

డబ్బు పెట్టాల్సింది అలైన్‌మెంట్‌లో, అంటే చక్రాల కోణాలు సరిచేయించడంలో. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగు తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) 5 డిగ్రీల దగ్గర, వెనక క్యాంబర్ మైనస్ 1.5, ముందూ వెనకా టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు మళ్లే తేడా) మొత్తం 1.5 మి.మీ. లోపలికి. వెనక క్యాంబర్ అర డిగ్రీ ఎక్కువుంటే హద్దు దాటినప్పుడు ముందు చక్రాలే మొదట జారతాయి, కొత్త చేతికి అది క్షమించే గుణం. డ్రైవర్ సీట్లో నీ బరువుంత పెట్టి, ట్యాంకు సగం నింపి కొలిపించు. సర్దే బోల్టులు పాత కార్లలో బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. రెండు మూడు రోజుల ముందు నుంచే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టు, లేకపోతే అలైన్‌మెంట్ చేసేవాళ్లు టో ఒక్కటి సరిచేసి పంపేస్తారు.

కొత్తస్టీరింగ్:

చాలా థ్యాంక్సండీ. టైరు మీద అంకె తయారీ వారమని తెలియదు. 17 అంగుళాలు, వెనక బారు, స్ప్రింగులు తీసేశాను. పవర్ సంగతి మాత్రం ఇంకా మనసులో ఉంది. ఫిల్టరు, ఎగ్జాస్టుతో ఎంత వస్తుంది? టర్బో 0.4 బార్ ఒత్తిడితో పెడితే ఇంజను తట్టుకుంటుందా?

లంబ్డా:

ఫిల్టరుతో వచ్చేది శబ్దం. విడిగా పెట్టిన కోన్ ఫిల్టరు బానెట్ కింద వేడి గాలినే పీలుస్తుంది. లోపలికెళ్లే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. నిలిచి నడిచే ట్రాఫిక్‌లో ఆ తేడా 10తో ఆగదు కూడా. బయటి చల్లగాలి వచ్చే దారి, చుట్టూ మూసిన డబ్బా ఉంటే తప్ప కంపెనీ ఎయిర్‌బాక్సే మేలు. నూనె పూసే కాటన్ రకమైతే, నూనె ఎక్కువైనప్పుడు అది ఎగిరి ఎయిర్‌ఫ్లో సెన్సారు మీద పేరుకుంటుంది, మిశ్రమం తప్పుతుంది. ఎగ్జాస్టులో క్యాట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు) తర్వాతి భాగం మారిస్తే బరువు కొంత దిగుతుంది, ఈ ఇంజనులో శక్తి పెద్దగా పెరగదు. క్యాట్‌ను మాత్రం తీయించకు.

టర్బో గురించి సూటిగా చెబుతాను. 1999 ఎన్‌బీ 1.8 శక్తి సుమారు 140 హార్స్‌పవర్, కంప్రెషన్ (సిలిండరులో మిశ్రమం నొక్కుకునే నిష్పత్తి) 9.5:1. ఆరోగ్యంగా ఉన్న ఇంజను, ఇంటర్‌కూలరు (టర్బో గాలిని చల్లబరిచేది), సరైన ట్యూను ఉంటే 0.4 బార్ తట్టుకుంటుంది. పగిలేవి బూస్టు (టర్బో పెంచే గాలి ఒత్తిడి) వల్ల కన్నా ఇంధనం, ఇగ్నిషన్ లెక్క తప్పడం వల్లే పగులుతాయి. మామూలుగా నడిచేటప్పుడు గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7 దగ్గర ఉంటుంది. బూస్టులో 11.5 నుంచి 12 మధ్యకు దిగాలి. ఇంజెక్టర్లు చాలక అది 13కు ఎక్కిందంటే సిలిండరులో వేడి పెరిగి నాకింగ్ (మిశ్రమం తనంతట తాను పేలడం) మొదలవుతుంది. నాకింగ్ చెవికి వినబడేసరికి పిస్టన్ రింగుల మధ్య అంచు విరిగి ఉండొచ్చు. అందుకే వైడ్‌బ్యాండ్ సెన్సారు (ఆ నిష్పత్తిని కొలిచేది), ప్రోగ్రాం చేసుకునే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు), పెద్ద ఇంజెక్టర్లు లేని కిట్టును ముట్టుకోకు.

పెట్టడానికి ముందు కంప్రెషన్ టెస్టు చేయించు. ఇంజను వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి, ఇంధనం ఆపాలి. నాలుగింటిలో ఒకటి మిగతా వాటికన్నా 10 శాతం మించి తక్కువ చూపిస్తే ఆ సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అలాంటి ఇంజనుకు టర్బో పెట్టకూడదు.

ఇంకొకటి, టర్బోతో టార్కు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పాత క్లచ్చు జారుతుంది, 5 గేర్ల బాక్సుకు కూడా అది ఎక్కువ భారం. మలుపు బయటికి వస్తూ కాలు కొంచెం ఎక్కువ నొక్కితే బూస్టు సరిగ్గా వెనక టైరు పట్టు హద్దులో ఉన్నప్పుడే అందుకుంటుంది. ఇప్పుడున్న 140తో యాక్సిలరేటరు ఎంత నొక్కితే అంతే వస్తుంది, ఆ లెక్క కాలికి అలవాటు కావాలి. ఒక పూర్తి సెట్టు టైర్లు ఇదే శక్తితో అరగదీసేదాకా టర్బో మాట ఎత్తకు.

గేరు మార్పు కూడా సాధన చేయి. 5 నుంచి 4కు దించబోయి లీవరు ఎడమకు లాగి 2లో వేస్తే రెవ్ లిమిటరు కాపాడదు. అది ఇంధనం ఆపగలదు కానీ చక్రాలు ఇంజనును తిప్పడాన్ని ఆపలేదు. లీవరును పిడికిలితో పట్టుకోకుండా అరచేత్తో తిన్నగా వెనక్కి లాగితే అది దానంతటదే 4లోకి పోతుంది.

స్పానర్21:

లంబ్డా గారి మాటకు కొనసాగింపు, రక్షణ గురించి. ట్రాక్ డేలంటున్నావు, టాప్ బట్టది. బోల్టులతో బిగించే రోల్ బారు (కారు బోల్తా పడితే తలను కాపాడే ఇనుప గొట్టం) పెట్టించు, తల తగిలే అన్ని చోట్లా గట్టి ప్యాడింగు తప్పనిసరి. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఒట్టి ఇనుప గొట్టం తలకు తగిలితే చాలా ప్రమాదం. గట్టి హార్డ్‌టాప్ ఉన్నా అది రోల్ బారు పని చేయదు. చిన్న స్పోర్ట్స్ స్టీరింగు వేయించావంటే ఎయిర్‌బ్యాగ్ పోయినట్టే, కాబట్టి కంపెనీదే ఉంచు. ప్రతి మార్పూ ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయి. ట్రాక్‌లో జరిగే నష్టం మామూలు పాలసీలోకి వస్తుందో లేదో ముందే అడుగు.

కొత్తస్టీరింగ్:

సరే అన్నా. బెల్టు, రేడియేటరు, ఫ్లూయిడ్, టైర్లు, అలైన్‌మెంట్ ఈ నెలలో చేయిస్తాను. ఆఖరు ప్రశ్న: ముందు ప్యాడ్లు కూడా అరిగాయి. నేరుగా రేసింగ్ ప్యాడ్లే వేసేయనా?

స్పానర్21:

వద్దు. రేసింగ్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు పట్టదు. పొద్దున బండి తీసిన మొదటి బ్రేకుకే అది కావాలి నీకు. రోడ్డుకూ అప్పుడప్పుడు ట్రాక్‌కూ పనికొచ్చే రకం తీసుకో, నాలుగు చక్రాలకూ ఒకే రకం. ముందువి చల్లగా పట్టక వెనకవి పట్టే జోడీ అయితే, ఏబీఎస్ లేని కారులో వెనక చక్రాలు ముందే లాక్ అయి కారు అడ్డం తిరుగుతుంది.

వేశాక ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20 దాకా గట్టిగా బ్రేకు వేస్తూ ఎనిమిది పది సార్లు, మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆగకుండా. ఆగి పెడల్ నొక్కి పట్టుకుంటే వేడి ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడి తర్వాత పెడల్ కొట్టుకుంటుంది. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లారనివ్వు. వీల్ నట్లు 21 మి.మీ. సాకెట్, 100 న్యూటన్ మీటర్లు, టార్కు రెంచితోనే. కొత్త వీల్స్ వేసి 80 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూసుకో.