వాగు ఒడ్డు వట్టివేరు తెచ్చి ఇసుక నేలలో వేస్తే నూనెకి పనికొస్తుందా?

తిన్నె_మీద_తాటిచెట్టు:

అందరికీ నమస్తే. చీరాల దగ్గర మాకు రెండున్నర ఎకరాల ఇసుక నేల ఉంది. నాన్న ఉన్నప్పుడు వేరుశనగ వేసేవాళ్ళం, తర్వాత సరుగుడు. పోయిన ఏడాది సరుగుడు కొట్టించి మొద్దులు పీకించాం. మళ్ళీ సరుగుడే వేయమని అమ్మ అంటోంది. నాకేమో వట్టివేరు మీద మనసు పడింది.

మా బోరు పక్కన నాయనమ్మ ఎప్పుడో నాటిన దుబ్బు ఒకటి ఉంది. ఎండాకాలం దాని వేళ్ళు నాలుగు కడిగి కుండలో వేసేది. ఆ నీళ్ళ వాసన ఇప్పటికీ గుర్తే. అమ్మమ్మ వాళ్ళ ఊరు వినుకొండ వైపు. అక్కడ వాగు వెంట ఇదే గడ్డి ఎవరూ నాటకుండానే నిలువెత్తు పెరుగుతుంది. అక్కడి నుంచి పిలకలు తెచ్చుకుంటే ఖర్చు లేకుండా పోతుంది కదా?

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు రెండుసార్లు ఊరికి వస్తాను. ఎకరానికి ఎన్ని కేజీల నూనె వస్తుంది, మిషన్ కొనాలా అన్నది చేసినవాళ్ళు చెప్పండి. వీడియోల్లో చెప్పేది వింటుంటే రేపే రాజీనామా చేయాలనిపిస్తోంది, అందుకే అడుగుతున్నా.

పర్ర_రైతు:

అబ్బాయ్, రాజీనామా కాగితం లోపల పెట్టు. నాది బాపట్ల వైపు. వట్టివేరు మూడు పంటలు తీశాను, నాలుగోది నేలలో ఉంది.

ముందు ఆ వాగు సంగతి. నేనూ నీలాగే ఖర్చు లేదనుకుని మా బావమరిది ఊరి వాగు నుంచి ట్రక్కు ఆటో నిండా పిలకలు తెచ్చి అరెకరం వేశాను. పైకి అన్నీ ఒకే గడ్డిలా ఉన్నాయి. పదిహేను నెలలకు తవ్వితే ఒక దుబ్బుకి జనపనార తాళ్ళలాంటి లావు వేళ్ళు నాలుగు, పక్కదానికి సన్నటి వేళ్ళు గుత్తులు గుత్తులు. కొన్ని కంకి వేసి గింజ రాల్చాయి, తర్వాతి వానలకు గట్ల మీద అక్కడక్కడా మొలకలు. ఉత్తరాదిన భరత్‌పూర్ వైపు దొరికే అడవి వట్టివేరు గింజ పోస్తుంది. దాని నూనె అంటే సెంట్ల వాళ్ళకు ప్రాణం, కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో వండి తీస్తారు. మన వైపు సాగులో ఉన్న రకం గింజ దాదాపు పట్టదు, పిలకతోనే పెంచుకోవాలి. మీ వాగులో ఉన్నది ఏదో ఆకు చూసి నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. ఇంకోటి, అది రిజర్వు ఫారెస్టు హద్దులో ఉంటే అడగకుండా చెయ్యి పెట్టకు. వాగు గట్టు కోసుకుపోకుండా పట్టుకునేది ఆ గడ్డే, దాన్ని పీకితే ఊరి వాళ్ళు కూడా ఊరుకోరు.

పెంచడం కష్టం కాదు. వానలు మొదలయ్యాక జానెడు ఆకు ఉంచి పై కొసలు కత్తిరించిన పిలకలు నాటాలి. సాలుకి సాలు రెండడుగులు, మొక్కకి మొక్క అడుగు. అంటే ఎకరానికి 22 వేల పిలకలు. మొదటి రెండు నెలలు తడి చూసుకుంటే తర్వాత అదే లాక్కొస్తుంది. కాస్త ఉప్పు నీళ్ళున్నా, పది రోజులు నీళ్ళు నిలబడినా చావదు. కలుపు మాత్రం మొదటి మూడు నెలలు ప్రాణం తీస్తుంది, ముఖ్యంగా తుంగ. (ఆ తుంగ గడ్డల నుంచి కూడా నూనె తీస్తారు, నాగరమోత అని కొంటారు. మనం డబ్బులిచ్చి పీకించి పారేస్తున్నాం, అదీ మన రాత.) లేత ఆకు పశువులు తింటాయి, కంచె లేకపోతే గొర్రెల మందకి విందే.

అసలు ఖర్చు తవ్వకంలో ఉంది. నూనె ఉండేది వేళ్ళలో, అవి నిటారుగా లోపలికి దిగుతాయి. నల్లరేగడిలో వేసినవాళ్ళు గునపాలు విరగ్గొట్టుకుని సగం వేరు నేలలోనే వదిలేసుకున్నారు. నీది ఇసుక కాబట్టి అక్కడ నువ్వు అదృష్టవంతుడివి. కడలూరు తీరంలో తమిళ రైతులు దీన్ని వేసేదీ ఇలాంటి ఇసుకలోనే. నేను మొదటిసారి పార, పలుగు పట్టించి కూలి లెక్కన తవ్వించాను, డబ్బులు నీళ్ళలా పోయాయి. రెండోసారి ప్రొక్లెయిన్‌తో సాలు పక్కన లోతుగా తీయించి, వెనకాల ఆడవాళ్ళు దుబ్బులు విదిలించారు. చాలా తేడా వచ్చింది. వానల్లో తవ్వకు. సంక్రాంతి తర్వాత, నేల పొడిగా ఉన్నప్పుడు తవ్వు. ఏడాది లోపల తవ్వితే నూనె పల్చగా, పచ్చి వాసనతో వస్తుంది. మరీ రెండేళ్ళు ఉంచితే సన్న వేళ్ళు చచ్చిపోయి పీచు మిగులుతుంది.

ఇక వండటం. వేళ్ళు కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, రెండంగుళాల ముక్కలు కొట్టించి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ట్యాంకులో వేస్తాం. నిమ్మగడ్డి అయితే రెండు మూడు గంటల్లో నూనె వచ్చేస్తుంది. దీనికి నేను 20 గంటలు మంట పెట్టించాను. మొదటి గంటల్లో వచ్చేది తేలిక సరుకు. బరువైన అసలు వాసన ఆఖరి గంటల్లో దిగుతుంది. విసుగొచ్చి పన్నెండు గంటలకే మంట ఆర్పేస్తే సొమ్ము ట్యాంకులోనే మిగిలిపోతుంది. ఇంకో తలనొప్పి, ఈ నూనె బరువు నీళ్ళ బరువుకి దగ్గర. కొంత తేలుతుంది, కొంత మునుగుతుంది, మధ్యలో మజ్జిగలా తెల్లగా ఉంటుంది. కాస్త ఉప్పు వేసి రాత్రంతా కదపకుండా ఉంచితే పైకి తేరుకుంటుంది. చల్లార్చే గొట్టంలో నీళ్ళు మరీ చల్లగా ఉంటే నూనె గొట్టానికే జిగురులా అంటుకుంటుంది, గోరువెచ్చగా ఉండాలి.

మిషన్ కొనొద్దు. పదిహేను నెలలకు నాలుగు రోజుల పని, దానికి లక్షలు పెట్టి ట్యాంకు ఎందుకు? కానీ అద్దె యూనిట్‌తో నాకేమైందో విను. నా మొదటి పంట వేళ్ళు ఒక నిమ్మగడ్డి యూనిట్‌కి తీసుకెళ్ళాను. ట్యాంకు కడిగాం అన్నారు, నేనూ నమ్మాను. వచ్చిన నూనె మూత తీస్తే నేల కడిగే లిక్విడ్ వాసన! కొనేవాడు దూది ముంచి ఒకసారి చూసి, సీసా నా వైపు జరిపి టీ తాగి వెళ్ళమన్నాడు. రెండు కేజీల పైచిలుకు నూనె చివరికి అగరబత్తీల వాళ్ళకు సగానికి సగం ధరకి ఇచ్చుకున్నాను. ఇప్పుడైతే ముందు రోజే వెళ్ళి ఉత్త నీళ్ళతో ట్యాంకు ఒక వాయి ఆవిరి పట్టిస్తాను, కట్టెలు నావే.

లెక్క కావాలంటే, ఆ వాగు రకం ఎకరానికి నాలుగున్నర కేజీల చొప్పున పడింది. మంచి పిలకలు వేశాక ఎనిమిది దాటింది. కేజీకి ఒకసారి 14 వేలు వచ్చింది, ఇంకోసారి 11 వేలే. అందులో తవ్వకం, కట్టెలు, అద్దె తీసెయ్. మిగిలేది సరుగుడు కంటే ఎక్కువే గానీ వీడియోలో చెప్పినంత కాదు.

కావలి_కోడలు:

బాబాయ్ గారు చెప్పింది నిజం. మేం ముప్పై సెంట్లలోనే వేస్తాం, నూనె జోలికి పోం. వేరు వేరుగానే అమ్ముతాం. ఆయుర్వేద మందుల షాపుల వాళ్ళు ఉశీరం అని కొంటారు. మిగతాది ఫిబ్రవరి, మార్చిలో తడికలకి, దేవుడి దండలకి పోతుంది. తడికలు అల్లేవాళ్ళకు పొడవు వేరు కావాలి, ముక్కలైతే ముట్టుకోరు. అందుకే ప్రొక్లెయిన్ పెట్టం, నేనూ మా అత్తయ్యా ఇద్దరు కూలీలూ తవ్వుకుంటాం. కడగడంలోనే ధర ఉంది తమ్ముడూ. మట్టి వాసన, వేరు వాసన కలిసిపోతే తీసుకోరు. మూడు నీళ్ళు మార్చాలి. మా ఇంట్లో రెండు వారాలు ఎటు చూసినా వేళ్ళే. పిల్లల స్కూలు బట్టలకి కూడా ఆ వాసనే, వాళ్ళ టీచర్ ఏ సెంటు కొడుతున్నారని అడిగిందట.

అగ్రి_ఫైనలియర్:

పిలకల కోసం సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) వాళ్ళను అడగండి సర్. ప్రధాన సంస్థ లక్నోలో, మనకు దగ్గరగా హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. మీరు ఉండేది అక్కడే కాబట్టి ఒక పూట పని. కేఎస్-1, ధరిణి, కేసరి, గులాబి, సిమ్-వృద్ధి వాళ్ళ వట్టివేరు రకాలు. సిమ్-వృద్ధి లాంటివి తక్కువ కాలంలో తవ్వుకోవచ్చు. 2017లో సుగంధ పంటల సాగు పెంచే అరోమా మిషన్ పథకం మొదలయ్యాక రైతులకు మొక్కలు, శిక్షణ ఇస్తున్నారు. నూనె తీశాక అమ్మేముందు జీసీ పరీక్ష (నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో చూపే ల్యాబ్ పరీక్ష) చేయించుకుంటే బేరంలో మీ మాట నిలబడుతుంది.

మెట్ట_పొలం:

ఒక్క మాట. పిలకలు మేమే ఇస్తాం, నూనె మేమే కొంటాం అని అగ్రిమెంటు రాసిచ్చేవాళ్ళతో జాగ్రత్త. మాకు పిలక నాలుగు రూపాయలకు అంటగట్టారు. తవ్వే టైముకి ఫోన్ స్విచ్చాఫ్. వాళ్ళ వ్యాపారం పిలకలు అమ్మడం, నూనె కాదని తర్వాత అర్థమైంది.

తిన్నె_మీద_తాటిచెట్టు:

అందరికీ థ్యాంక్స్. ఈ ఆదివారం ఊరికి వెళ్ళి నాయనమ్మ దుబ్బు తవ్వాను. అమ్మ పక్కనే నిలబడి తిడుతూనే ఉంది, అందుకే మూడు పిలకలు మళ్ళీ అక్కడే నాటాను. ఇసుకలో కాబట్టి పారతో పావుగంటలో ఊడొచ్చింది. వేళ్ళు నా నడుం దాకా ఉన్నాయి. కడిగి ఆరబెట్టి తూస్తే 390 గ్రాములు! బాబాయ్ గారూ, ఎకరానికి 22 వేల మొక్కలన్నారు. అంటే ఎనిమిదిన్నర టన్నుల వేరు. నూటికి ఒక కేజీ నూనె వేసుకున్నా 85 కేజీలు వస్తాయి కదా? ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పర్ర_రైతు:

ఆ కాగితం చింపెయ్ అబ్బాయ్. మీ నాయనమ్మ దుబ్బుకి చుట్టూ పోటీ లేదు, బోరు నీళ్ళు తాగింది, వయసు ఇరవై ఏళ్ళు. అడుగు దూరంలో నాటి పదిహేను నెలలకు తవ్వితే మొక్కకి ఎండు వేరు 40 గ్రాములు పడితే పండగ. 22 వేలని 40తో గుణించు, 880 కేజీలు. నూటికి ఒక కేజీ అంటే నేను చెప్పిన ఎనిమిది దగ్గరికే వస్తావు. ముదురు దుబ్బులో పీచు ఎక్కువ, నూటికి కేజీ కూడా రాదు.

ఆ 390 గ్రాములు పారేయకు. కుండలో వేసుకోండి. వచ్చే నెల మొదటి వారంలో నేను యూనిట్‌కి వెళ్తున్నాను, వస్తే ఒక రాత్రి మంట దగ్గర కూర్చుందువు గాని. దుప్పటి తెచ్చుకో, దోమలు ఎక్కువ.