సిద్దిపేట జిల్లాకు 2011 జనాభా లెక్కలు వాడొచ్చా?

చేర్యాల పిల్ల
పీహెచ్‌డీ రెండో ఏడు. సిద్దిపేట జిల్లాలో ఆడవాళ్ల చదువు, పని మీద థీసిస్. ఊరి వారీ అంకెలు కావాలి. సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 ఫైళ్లు తెరిస్తే సిద్దిపేట అనే జిల్లానే లేదు. ఎలా ఉంటుంది, పుట్టిందే 2016 అక్టోబరులో! గైడ్ గారేమో పాత మెదక్ అంకెలు పెట్టి కానిచ్చెయ్యమంటున్నారు. సీనియర్ అక్క మాత్రం పదిహేనేళ్ల నాటి లెక్కలతో థీసిస్ ఏంటే, కొత్త లెక్కలొచ్చేదాకా ఆగు, లేదంటే కుటుంబ ఆరోగ్య సర్వే వాడుకో అంటోంది. ఎవరి మాట వినాలి?

లెక్కల పిచ్చి
ఇద్దరి మాటా వద్దు. పాత మెదక్ అంకె పెడితే పటాన్‌చెరు ఫ్యాక్టరీల జనం మీ జిల్లాలోకి వచ్చి కూర్చుంటారు, మీ చేర్యాల మాత్రం బయటే ఉంటుంది. చేర్యాల, మద్దూరు వరంగల్ నుంచి వచ్చాయి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ నుంచి.

2011 ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (జనాభా, చదువు, పని అంకెలు ఊరి వారీగా ఉండే పట్టిక) దించుకోండి. ఆంధ్రప్రదేశ్ కింద వెతకాలి, అప్పటికి రాష్ట్రం ఒకటే, కోడ్ 28. జిల్లా కోడ్‌లు మెదక్ 535, కరీంనగర్ 534, వరంగల్ 540. మండలాలు కలిపితే సరిపోతుందనుకోకండి, మండలాలు కూడా ముక్కలయ్యాయి. ఆ జాబితాలో కొమురవెల్లి మండలం ఉండదు. కాబట్టి ఊళ్ల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి, ఒక్కో ఊరికి ఆరంకెల కోడ్ ఉంటుంది. ఎక్సెల్‌లో వరుసలన్నీ ఒకేసారి కూడొద్దు. జిల్లా, మండలం, ఊరు అన్నీ అదే ఫైల్‌లో ఉంటాయి కాబట్టి జనాభా రెండు మూడింతలు వస్తుంది. నేనోసారి అలాగే సెమినార్‌లో నవ్వులపాలయ్యా.

గుంటూరు మాస్టారు
పద్ధతి బాగానే చెప్పారు గానీ, అసలు ప్రశ్న అది కాదండీ. ఆ అంకెలు ఇప్పుడు ఎవరిని చూపిస్తున్నాయి? తొగుట మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ 2011 జాబితాలో దర్జాగా ఉన్నాయి. ఇప్పుడక్కడ మల్లన్నసాగర్ నీళ్లున్నాయి. ఊరోళ్లు గజ్వేల్ దగ్గర కాలనీల్లో ఉన్నారు. కోడ్ ఉంది, ఊరు లేదు. చెరువుల్లోకి నీళ్లొచ్చాక ఆడవాళ్ల కూలి పని కూడా 2011లో ఉన్నట్టు ఉండదు. ఆ లెక్కలతో 'నేటి సిద్దిపేట' అని రాస్తే వైవాలో నేనైతే ఒప్పుకోను.

లెక్కల పిచ్చి
'నేటి' అనే మాట తీసేస్తే గొడవే లేదు మాస్టారూ. 2011ని పునాదిగా చూపించి, ఇప్పటి సంగతికి పది ఊళ్లు తిరిగి సొంత సర్వే చేసుకోవచ్చు. ఇంకో మాట. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో సిద్దిపేట జిల్లా ఉంది, నిజమే. కానీ ఊరి అంకె రాదు. పైగా ఆ సర్వేకి ఊళ్లను ఎంచిందీ 2011 జాబితాలోంచే. ఆహార భద్రత చట్టం కింద 81.35 కోట్ల మందికి రేషన్ అనే లెక్కా 2011 జనాభా మీద కట్టిందే. దేశమంతా దాని మీదే నడుస్తుంటే ఒక్క స్కాలర్‌ని ఆగమంటే ఎలా?

ఇక ఆగడం సంగతి. కొత్త జనగణనకు రిఫరెన్స్ తేదీ, అంటే ఏ రోజు నాటి జనాన్ని లెక్కేస్తారో ఆ తేదీ, 2027 మార్చి 1. ఆ రోజుకే పట్టికలు రావు. 2011 మాతృభాషల పట్టిక 2018లో వచ్చింది. ఫెలోషిప్ అన్నాళ్లు ఆగదమ్మా.

డల్లాస్ బాబాయ్
ఇక్కడ అమెరికాలో 72 ఏళ్లు దాటితే మనిషి మనిషి వివరాలు తెరిచేస్తారు. 1950 కాగితాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. పేరు, ఇల్లు, పని అన్నీ. మన దగ్గర కూడా ఇస్తే ఈ కూడికలు, తీసివేతలు ఉండవు కదా?

గుంటూరు మాస్టారు
వద్దు బాబాయ్. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. ఆ నమ్మకంతోనే జనం తలుపు తీస్తారు. ఈసారి కులం కూడా అడుగుతున్నారు. చిన్న ఊళ్లో ఒకే ఒక్క ఇల్లున్న కులానికి పేరు తీసేసి ఇచ్చినా ఎవరో తెలిసిపోతుంది.

చేర్యాల పిల్ల
ఊళ్లు కలుపుతున్నా. ఆడవాళ్ల అక్షరాస్యత మరీ తక్కువ వస్తోంది. ఎక్కడ తప్పు?

లెక్కల పిచ్చి
మొత్తం జనాభాతో భాగించారు కదూ? అక్షరాస్యత ఏడేళ్లు నిండినవాళ్లకే. 0–6 పిల్లల్ని తీసేసి భాగించాలి. ఉమ్మడి రాష్ట్రానికి ఆడ, మగ కలిపి అచ్చయిన రేటు 67.02 శాతం. పిల్లల్ని ఉంచేస్తే 60 కూడా రాదు.

చేర్యాల పిల్ల
అదే తప్పు! థ్యాంక్సన్నా. గైడ్ గారికి పటాన్‌చెరు సంగతి చెప్పా, మెదక్ మాట మళ్లీ ఎత్తలేదు. టైటిల్‌లో 2011 అని పెట్టేశా. మాస్టారూ, వేములఘాట్ వరుస తీసెయ్యాలా?

గుంటూరు మాస్టారు
తియ్యకమ్మా. 2011లో వాళ్లు అక్కడే ఉన్నారుగా. ముంపు ఊళ్లని ఫుట్‌నోట్ పెట్టు.

చేర్యాల పిల్ల
సరే సార్. మన అర్థగణాంక శాఖ పుస్తకంలో సిద్దిపేటకు 2011 జనాభా 10,12,065 ఉంది. నాకు కొన్ని వందలు ఎక్కువొస్తోంది. మర్కూక్ వైపు ఏదో ఊరు రెండుసార్లు పడినట్టుంది, రేపు మళ్లీ కూర్చుంటా.