సువాన్‌లో అక్క వాళ్లింటికి అమ్మని తీసుకెళ్తున్నా, టూరిస్టు ప్లేసులు కాదు అక్కడి మామూలు రోజులు చూపించాలి, ఏం చేయొచ్చు?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్తే. మా అక్కా బావా నాలుగేళ్లుగా కొరియాలో సువాన్‌లో ఉంటున్నారు, యంగ్‌తోంగ్ అనే ఏరియాలో అపార్ట్‌మెంటు. అక్టోబర్ చివర్లో అమ్మా నేనూ వెళ్తున్నాం, డిసెంబర్ మధ్య దాకా ఉంటాం, వీసా వచ్చేసింది టికెట్లు అయిపోయాయి కాబట్టి ఆ సంగతులు అడగట్లేదు. అమ్మ టీచర్‌గా ఈ ఏడాదే రిటైర్ అయింది, నవంబర్‌లో 60 నిండుతాయి, అదే నెలలో అక్క కొడుక్కి మొదటి పుట్టినరోజు. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలే, పిల్లాడు డేకేర్‌కి వెళ్తాడు, అంటే పగలంతా నేనూ అమ్మే.

అమ్మ లాక్‌డౌన్ నుంచి తెలుగు డబ్బింగ్‌లో కొరియన్ సీరియల్స్ చూస్తుంది, కానీ కథ కంటే ఎక్కువ ఇంట్లో సంగతులే చూస్తుంది, వాళ్లు కూడా గుమ్మం దగ్గరే చెప్పులు విప్పుతారే, పెద్దవాళ్లు చెంచా పట్టుకునేదాకా చిన్నవాళ్లు తినరే, మేడ మీద ఆ నల్ల జాడీల్లో ఏం ఉంటుందే అని ఒకటే ప్రశ్నలు. తనకి టవర్లూ షాపింగ్ మాల్సూ అక్కర్లేదు, అవి చూడాలంటే హైదరాబాద్ చాలంటుంది. అక్కడివాళ్లు రోజూ ఎలా బతుకుతారో చూడాలి, కుదిరితే నాలుగు మాటలు మాట్లాడాలి, అదీ ఆవిడ కోరిక. ఇబ్బందేంటంటే అమ్మ పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. అక్కని అడిగితే వీకెండ్ సియోల్ తీసుకెళ్తానే అంటుంది తప్ప మిగతా అయిదు రోజుల గురించి ఏమీ చెప్పట్లేదు. అక్కడ ఉన్నవాళ్లు, అమ్మానాన్నల్ని తీసుకెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_టు_సువాన్:
నేను యంగ్‌తోంగ్‌లనే ఆరేండ్ల సంది ఉంటున్న, మా అమ్మానాయిన రెండుసార్లు వచ్చి పోయిండ్రు. ఫస్టు పని ఏందంటే దిగంగనే కన్వీనియన్స్ స్టోర్‌ల టీ-మనీ కార్డు రెండు కొనుక్కోండి, అండ్ల పైసలు వేయించుకుంటే బస్సు, మెట్రో అన్నిట్ల నడుస్తది. బస్సు దిగేటప్పుడు గూడ కార్డు తప్పకుండ కొట్టాలె, మావోళ్లు మర్చిపోయేటోళ్లు, అట్ల కొడితేనే అర్ధగంటల ఇంకో బస్సో మెట్రోనో ఎక్కితే మల్ల పూర్తి చార్జీ పడదు. గూగుల్ మ్యాప్ అక్కడ నడిచే దారి సక్కగ చూపియ్యదు, నేవర్ మ్యాప్ పెట్టుకోండి, ఇంగ్లీష్‌ల గూడ ఉంటది. మాట తర్జుమా చేసుకోనీకి పాపగో యాప్. మన మిక్సీ పట్టుకపోతే ప్లగ్గు పట్టదు, కరెంటు 220 వోల్టులే గని గుండ్రటి రెండు పిన్నులు, అడాప్టర్ కావాలె.

ఇంకోటి జర మనసుల పెట్టుకోండి. అపార్ట్‌మెంట్లల్ల కింది ఇంటికి సప్పుడు పోవుడు అక్కడ చానా పెద్ద విషయం, పొద్దుగాల అయిదింటికి లేచి చట్నీకి మిక్సీ తిప్పుడు, పిలగాడు ఉరుకుడు, ఇవి కింద ఉన్నోళ్లకు బాగ ఇబ్బంది. మా అమ్మ వచ్చిన తెల్లారే నేను కిందికి పోయి మా అమ్మ వచ్చింది కొంచెం సప్పుడైతే ఏమనుకోకండి అని రెండు చేతులతోని ఒక స్వీట్ డబ్బా ఇచ్చి వచ్చిన, గా ముసలామె మూడు నెలలు మా అమ్మ లిఫ్టుల కనవడితే చేయి పట్టుకోని మాట్లాడింది, ఈమెకు కొరియన్ రాదు ఆమెకు తెలుగు రాదు, ఇద్దరు ఎవరి భాషల వాళ్లు మాట్లాడేటోళ్లు. చెత్త గూడ మీ అక్కనడిగి నేర్చుకోండి, మిగిలిన అన్నం కూరలు వేరే డబ్బా, దానికి కార్డు పెడితే మూత తెరుసుకుంటది, ఎంత బరువు వేస్తే అంత బిల్లు. మా అమ్మకు అది తెగ నచ్చింది, ఊరికి పోయినంక అన్నం పారేస్తే ఇంట్ల అందరినీ తిడుతుంది.

ఇగ 60 నిండుతున్నయ్ అన్నరు గదా, సువాన్‌ల హ్వాసంగ్ కోట ఉంటది, దాని లోపల హెంగుంగ్ అని రాజు వచ్చినప్పుడు దిగే ప్యాలెస్. చంగ్‌జో రాజు ఆ కోటను 1794 నుంచి 1796 దాక కట్టించిండు, 1795ల వాళ్లమ్మకు 60 నిండితే ఆ హెంగుంగ్‌లనే పండుగ చేసిండు. వాళ్లు దాన్ని హ్వాన్‌గాప్ అంటరు, 60 ఏండ్ల చక్రం తిరిగి పుట్టిన సంవత్సరం పేరే మల్ల వచ్చుడు, మన ప్రభవ విభవల లెక్క అచ్చం అదే, మన షష్టిపూర్తే. మీ అమ్మ టీచర్ అంటున్నరు, అక్కడ నిలవెట్టి ఈ ముచ్చట చెప్పుండ్రి. సువాన్ దాటి ఎక్కడికి పోనవసరం లేదు, యంగ్‌తోంగ్ నుంచి సిటీ బస్సే. కోటగోడ మొత్తం సుమారు 5.7 కిలోమీటర్లు, మోకాళ్ల నొప్పులుంటే ఒక ముక్క నడిస్తె చాలు.

పద్మ_కాకినాడ:
అమ్మాయ్, మీ అమ్మ ప్రశ్నలు చదివితే నేనే అడిగినట్టుంది. మా అమ్మాయి పురుడుకని వెళ్లి యోంగిన్‌లో మూడు నెలలున్నాను, నవంబర్లో కింజాంగ్ చూశాను, మీరు వెళ్లేది సరిగ్గా ఆ టైముకే కాబట్టి అదొక్కటి వదులుకోకండి. కింజాంగ్ అంటే చలికాలానికి సరిపడా కిమ్చీ ఒక్కసారే పెట్టుకోవడం, 2013లో యునెస్కో వాళ్ల జాబితాలో కూడా ఎక్కింది. మనకి ఎండాకాలం ఆవకాయ పెట్టే రోజు ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుందండి, కూతుళ్లూ కోడళ్లూ పక్కింటివాళ్లూ అందరూ వస్తారు, ముందు రోజే పొడుగాటి క్యాబేజీల్ని నిలువునా చీల్చి కళ్లుప్పులో నానబెడతారు, తెల్లారి కడిగి నీళ్లు ఓడ్చి, ముల్లంగి సన్నగా తరిగి కారం వెల్లుల్లి అల్లం ఉల్లికాడలు బియ్యప్పిండి జావ కలిపి ఆకు ఆకుకీ మధ్యన పట్టిస్తారు, అందరూ కింద కూర్చుని ఎర్ర రబ్బరు గ్లౌజులు వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ. కారం మన గుంటూరు కారమంత మంట ఉండదు, రంగు మాత్రం కళ్లు చెదిరిపోతుంది.

మా పై ఫ్లోర్లో ఉండే హల్మొని, అంటే బామ్మగారు, నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. ఇక్కడ ఒక్కటి మీ అమ్మకి ముఖ్యం, కిమ్చీలో మామూలుగా చేపల సాసూ ఉప్పు రొయ్యలూ కలుపుతారు, చూడ్డానికి అంతా కూరగాయలే కనిపిస్తాయి గానీ శాకాహారం కాదు. మా అమ్మాయి చేత ముందే చెప్పించాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, నాకోసం ఒక గిన్నె మసాలా వేరే తీసి అందులో అవి వెయ్యకుండా సముద్రపు నాచు మరిగించిన నీళ్లూ ఉప్పూ వేసి కలిపింది, నాలుగు క్యాబేజీలు నా చేతే పట్టించింది. నేను మర్నాడు నిమ్మకాయ ఊరగాయ తీసుకెళ్లి ఇచ్చాను, ఆ డబ్బా ఖాళీగా తిరిగి రాలేదు, నిండా పండిన పెర్సిమన్ పళ్లు పెట్టి పంపింది. అది చూసి మా అమ్మే గుర్తొచ్చింది నాకు, పక్కింటి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదే అని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పేదో.

ఆ నల్ల జాడీల్లో ఉండేది మిరప ముద్దా, సోయా ముద్దా, సోయా సాసూ. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో అందరికీ కిమ్చీ ఫ్రిజ్‌లే, జాడీలు బాగా చూడాలంటే యోంగిన్‌లో కొరియన్ ఫోక్ విలేజ్ ఉంది, సువాన్ పక్కనే, పాత ఇళ్లూ పెరళ్లూ జాడీల వరసలూ అన్నీ ఉంటాయి, పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా సరిపోతుంది.

సియోల్_స్టూడెంట్:
నేను సియోల్‌లో మాస్టర్స్ చేస్తున్నా, నేనూ వెజిటేరియనే, గుడ్డు తింటా అంతే. వచ్చిన కొత్తలో ఒక హోటల్లో మాంసం వద్దని చెప్పి కూరగాయల అన్నం ఆర్డర్ చేస్తే పైన హామ్ ముక్కలు వేసి తెచ్చారు, వాళ్లకి మాంసం అంటే పెద్ద ముక్కలని అర్థం అయ్యిందంట, సో ఒక్క మాటతో అయిపోదు. గోగి ప్పే జుసెయో అంటే మాంసం తీసేయండి అని, కానీ దాంతో పాటు చేప, రొయ్య, గుడ్డు, చేపల ఉడుకు నీళ్లు కూడా వద్దు అని మీ అక్క చేత కొరియన్‌లో ఒక చీటీ రాయించి ఫోన్‌లో పెట్టుకోండి, అది చూపిస్తే వాళ్లే ఏది కుదురుతుందో చెప్తారు. సూపుల్లో సగం ఎండు చేపలు మరిగించిన నీళ్లే. సేఫ్ ఏంటంటే బిబింబాప్ (అన్నంలో కూరగాయలు కలుపుకుని తినేది) గుడ్డు మాంసం లేకుండా, గుమ్మడికాయ జావ, ఎర్ర బీన్స్ జావ (పాయసంలా తియ్యగా అనుకోకండి, కొన్ని చోట్ల ఉప్పుగా ఉంటుంది), కాల్చిన చిలగడదుంప, హొత్తోక్ అని లోపల బెల్లం పాకంలాంటిది పెట్టి కాల్చే రొట్టె. శిక్హే అని చల్లటి తియ్యటి డ్రింక్ ఉంటుంది, అందులో అన్నం మెతుకులు తేలుతూ, ఆంటీకి ఖచ్చితంగా నచ్చుతుంది. గుడుల్లో వండే భోజనమైతే ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీక మాసం నడుస్తుంటుంది కదా అప్పుడు, ఒక పూట అది తినిపించండి.

ఇంకా సియోల్ వచ్చిన రోజు గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి వెళ్లండి, 1905 నుంచి ఉన్న మార్కెట్, అక్కడ బిందేత్తోక్ అని వేస్తారు, నానబెట్టిన పెసరపప్పుని తిరగలిలో రుబ్బి నూనెలో అట్లు, నేను మొదటిసారి ఆ తిరగలి తిరగడం చూసి అలా నిలబడిపోయాను, అది పెసరట్టండీ బాబూ, మందంగా ఉంటుంది అంతే. కాకపోతే చాలామంది పంది మాంసం కలుపుతారు, కొన్ని చోట్ల నూనె కూడా పంది కొవ్వే, కిమ్చీ కూడా పడుతుంది పిండిలో, కాబట్టి అమ్మగారు తినకుండా రుబ్బడం చూసి రావడమే బెటర్.

జింజిల్‌బాంగ్ అనే స్నానాల చోటు గురించి కూడా చెప్పాలి, వేడి గదులు ఉంటాయి, వాళ్లిచ్చిన టీషర్ట్ నిక్కరు వేసుకుని కుటుంబాలు కుటుంబాలే నేల మీద పడుకుని కబుర్లు చెప్పుకుంటారు, తువ్వాలుని గొర్రె కొమ్ముల్లా చుట్టుకుంటారు. చలికాలం సూపర్.

పద్మ_కాకినాడ:
బాబూ, జింజిల్‌బాంగ్ మంచిదే కానీ ఆడవాళ్ల స్నానాల వైపు అందరూ బట్టల్లేకుండానే తిరుగుతారు, లాకర్ గది దగ్గరే మొదలు. ఆ సంగతి వాళ్లమ్మకి ఇంట్లోనే చెప్పి, సరే అంటేనే తీసుకెళ్లాలి. నేను స్నానం ఇంట్లోనే చేసి వెళ్లి నేరుగా బట్టలు మార్చుకుని వేడి గదిలో కూర్చున్నాను, నా మోకాళ్లకి ఎంత హాయిగా ఉందో. అసలు ఇంట్లో నేల కూడా వెచ్చగానే ఉంటుంది అక్కడ, ఓందోల్ అంటారు, అమ్మకి మంచం వద్దని చెప్పి పరుపు నేల మీద వేయించండి.

తెనాలి_అమ్మాయి:
అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే, అమ్మకి మొత్తం చదివి వినిపించాను, షష్టిపూర్తి సంగతి రెండుసార్లు చదివించుకుంది. ఇంకో డౌట్, పిల్లాడి పుట్టినరోజుకి పక్కింటివాళ్లని పిలవొచ్చా? వాళ్లకి మొదటి పుట్టినరోజు పెద్ద పండగంట కదా. అలాగే పెద్దవాళ్లని ఏమని పిలవాలి?

కరీంనగర్_టు_సువాన్:
పిలువుండ్రి, చానా సంబరపడతరు. దోల్‌జాంచి అంటరు. పిలగాని ముందట దారపు ఉండ, పైసలు, పెన్సిల్, బియ్యం ఇట్ల పెడతరు, ఏది పడితే అది వాని భవిష్యత్తు అని, ఇప్పుడైతే మైకు, స్టెతస్కోపు గూడ పెడుతుండ్రు. మనం అన్నప్రాసన నాడు పెన్ను పుస్తకం బంగారం పెడతం సూడు, గదే. దారం పడితే నిండు నూరేండ్లు అని వాళ్ల నమ్మకం.

పిలుపు సంగతికొస్తే మనలెక్కనే అన్ని వరుసలే, పేరు పెట్టి పిలువరు. హోటల్ల వడ్డించే ఆమెను ఇమో అంటరు, అంటే అమ్మ చెల్లెలో అక్కనో, మన పిన్ని పెద్దమ్మ. మీ అక్కను ఒన్నీ అనండి, ముసలామెలను హల్మొని అనొచ్చు గని 60 ఏండ్లామెను అనకండి, బాధపడుతది. ఇగ పిల్లలు అమ్మను ఒమ్మా అంటరు, నాయినను అప్పా అంటరు, మీ అమ్మ పార్కుల వినంగనే తిరిగి సూస్తది సూడుండ్రి. అన్నట్టు, గ్వాంగ్‌గ్యోసాన్ గుట్ట కింద బోరిబాప్ హోటళ్లు ఉంటయ్, బార్లీ అన్నంల ఆకుకూరలు కలుపుకోని తినేది, సోయా పులుసు పక్కకు పెడితే మీ అమ్మకు గూడ నడుస్తది.

తెనాలి_అమ్మాయి:
అప్‌డేట్, నవంబర్ 24. వచ్చి నాలుగు వారాలైంది. అమ్మని 60 నిండిన రోజున హెంగుంగ్‌కి తీసుకెళ్లాం, పండుగ చేసిన చోట నిలబడి అక్కడ ఉన్న బొమ్మలన్నీ చూసింది, ఆ రాణిగారికి కూడా కొడుకు ఇంత చేశాడన్నమాట అంది, ఇంటికొచ్చాక అక్క చేతికి తన గాజు తీసి ఇచ్చింది. పిల్లాడు దారం పట్టాడు, ఎదురింటి హల్మొని చప్పట్లు కొట్టి ఏడ్చేసింది, ఎందుకో మాకు అర్థం కాలేదు, తర్వాత అక్క చెప్పింది ఆవిడ మనవలు చాలా దూరంలో ఉంటారంట. అప్పటినుంచి పొద్దున్న పదింటికి ఆవిడా అమ్మా కలిసి కింద పార్కులో ఆ ఎక్సర్‌సైజు చక్రాలు తిప్పుతారు. శనివారం కింజాంగ్‌కి పిలిచింది, చేప లేని మసాలా వేరే కలుపుతానంది, చీటీ చూపించాం.

అమ్మ రేపు వాళ్లకి పెసరట్లు వేసి ఇద్దామంటోంది. పొట్టు పెసలు సువాన్‌లో ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి, లేకపోతే ఆన్‌సాన్ స్టేషన్ దగ్గర ఇండియన్ షాపుల దాకా వెళ్లాల్సిందేనా?

కరీంనగర్_టు_సువాన్:
ఆన్‌సాన్ ఎందుకు, సువాన్‌లనే పెద్ద మార్కెట్ల గింజల కొట్టుకు పోయి నోక్దు అని అడగండి, కొరియా పెసలే, బిందేత్తోక్ దాంతోనే చేస్తరు. అల్లం పచ్చిమిర్చి గూడ అక్కడనే దొరుకుతయ్. రాత్రి నానవెట్టుండ్రి, మిక్సీ మాత్రం ఎనిమిది దాటినంకనే తిప్పుండ్రి.