"తర్వాత చూద్దాం" అనే కొట్ల దగ్గర అసలు కారణం ఎలా రాబట్టాలి?

బరంపురం, పర్లాకిమిడి వైపు కిరాణా కొట్లకు మినప అప్పడాలు వేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మాది 200 గ్రాముల ప్యాకెట్టు. వద్దన్న ప్రతి కొట్టునూ పుస్తకంలో రాస్తున్నాం: తేదీ, బ్యాచ్, యజమాని అన్న మాట ఉన్నదున్నట్టు. ఆ వెంటనే "ఏం మారిస్తే పది ప్యాకెట్లు పెట్టుకుంటారు?" అని అడుగుతున్నాం.

కొన్ని తేలిపోయాయి. లేబుల్ ఒక్క తెలుగులోనే ఉంటే చెల్లదు, ఇంగ్లీషో దేవనాగరి హిందీనో ఉండాల్సిందే; 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ ఇచ్చే) నంబరు సరేసరి. అంచులు విరుగుతున్నాయంటే ఎండ ఎక్కువైనట్టు. అలాగని ఎండ తగ్గిస్తే వానాకాలంలో బూజు (ఇది అంచులు విరగడం కన్నా ప్రమాదం, ఒక్క ప్యాకెట్టుతో కొట్టే పోతుంది).

చిక్కంతా "తర్వాత చూద్దాం" దగ్గరే. అది ధర గురించా, అరువు గురించా, పాత సరఫరాదారుతో మొహమాటమా? ధర, అరువు గడువు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా. ఒకే కారణం ఎన్ని కొట్లు చెబితే సరుకు మార్చాలి? మళ్లీ ఎన్ని రోజులకు వెళ్లాలి? కమీషను పెంచమనేవాళ్లను ఈ లెక్కలో కలపొచ్చా?