సమూయేలు పేరుకి హన్నా చెప్పిన కారణం ఎలా కుదురుతుంది?

హీబ్రూ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం సాయం చేయండి. మా సండే స్కూల్లో పెద్ద పిల్లలకి బైబిల్ పేర్ల గురించి చెబుతున్నాను. ఇస్సాకు దగ్గర ఏ చిక్కూ రాలేదు. యిత్సాఖ్ అంటే 'నవ్వుతాడు'; అబ్రాహాము, శారా ఇద్దరూ నవ్విన సంగతి ఆదికాండంలోనే ఉంది.

సమూయేలు దగ్గర ఆగిపోయాను. మొదటి సమూయేలు 1:20లో అతని తల్లి హన్నా, యెహోవాను అడిగాను కాబట్టి ఈ పేరు పెట్టానంటుంది. హీబ్రూలో 'అడుగు' అనే క్రియ షాఅల్. షెమూయేల్‌లో ఆ ధాతువు లేదు కదా! చివరి ఏల్ అంటే దేవుడు, సరే. ముందుభాగం 'పేరు' అనే అర్థమున్న షేమ్ అని కొందరు, 'విను' అనే షామా అని కొందరు అంటారు. షాఅల్‌కి అచ్చంగా సరిపోయేది ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు పేరు: షాఊల్, అంటే అడిగి పొందినవాడు. పైగా 28వ వచనంలో బిడ్డని దేవుడికి అప్పగిస్తూ హన్నా వాడిన మాట సరిగ్గా షాఊలే. తెలుగు బైబిల్ చదివితే ఇది తెలియదు.

ఇది మొదట సౌలు పుట్టుక కథ అనే పండితులున్నారు. రచయిత కావాలనే రాబోయే రాజు పేరు వినిపించాడనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండోదే నచ్చుతోంది, ఎందుకంటే 8:10లో ప్రజలు రాజుని అడిగినప్పుడూ ఇదే క్రియ వస్తుంది.

యూదు వ్యాఖ్యాతలు ఈ వచనాన్ని ఎలా వివరించారు? హైస్కూలు పిల్లలకి తికమక లేకుండా దీన్ని ఎలా చెప్పొచ్చు? చదవదగ్గ పుస్తకం ఏదైనా ఉంటే అదీ చెప్పండి, ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు.