ఆఫీసు నుంచి రాగానే పాప మొహం తిప్పేసుకుంటోంది: ఇది ఎవాయిడెంట్ అటాచ్‌మెంటేనా?

మా పాపకి పదిహేను నెలలు. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పగలంతా మా అత్తగారే చూసుకుంటున్నారు. సాయంత్రం నేను లోపలికి రాగానే ఒక్కసారి అలా చూసి, మళ్ళీ గిన్నె మూతలతో ఆటలో పడిపోతుంది. ఎత్తుకోబోతే ఒళ్ళు బిగదీసుకుని జారిపోతుంది. కాసేపయ్యాక తనే వచ్చి నా చున్నీ కొస పట్టుకుని ఆనుకుని కూర్చుంటుంది. రాత్రి నేను పక్కన లేకపోతే అసలు నిద్రే పోదు!

సైకాలజిస్ట్ మేరీ ఐన్స్‌వర్త్ ‘స్ట్రేంజ్ సిట్యుయేషన్’ పరీక్ష గురించి (తల్లి కాసేపు వెళ్ళి తిరిగొస్తే పిల్లలు ఏం చేస్తారో చూసేది) చదివాక టెన్షన్ పట్టుకుంది. తల్లి తిరిగొచ్చినా పట్టించుకోని పిల్లల్ని అందులో ఎవాయిడెంట్ అన్నారు, అంటే తల్లిని తప్పించుకునే తరహా అటాచ్‌మెంట్ (బంధం) ఉన్నవాళ్ళని. అలాంటి పిల్లలు పైకి నిమ్మళంగా ఉన్నా గుండె వేగం పెరుగుతుందని 1977లో స్రూఫ్, వాటర్స్ అనే పరిశోధకులు రాశారట. అది చదివాక మరీ గుబులు.

కానీ ఆ పరీక్షలో తల్లి వెళ్ళేది కొత్త గదిలోంచి, అదీ మూడు నిమిషాలే. నేను రోజంతా ఉండను, పాప ఉండేది సొంతింట్లో. రెండిటినీ ఒకే గాటన కట్టొచ్చా? పిల్లలు ఒకరికంటే ఎక్కువమందితో బంధం పెంచుకుంటారని 1964లోనే షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు చూపించారు కదా, మరి నానమ్మకి దగ్గరైతే నాకు దూరమైనట్టేనా? మా అత్తగారైతే “అలిగిందమ్మా, అంతే” అంటారు.

చైల్డ్ సైకాలజీ తెలిసినవాళ్ళు, ఇది దాటొచ్చిన అమ్మలు చెప్పండి: రాగానే ఎత్తుకోవాలా, తనే వచ్చేదాకా ఆగాలా? ఏం కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి? ఉద్యోగం మానెయ్యమనే సలహా మాత్రం వద్దు, అది ఇప్పటికే చాలామంది ఇచ్చారు.